ఎర్ర బెల్టుతో పిల్లలకు తైక్వాండో నేర్పవచ్చా?

మీరు రాసినదాని సారాంశం ఇది. పాలకొల్లు దగ్గరి మీ ఊరికి శని, ఆదివారాల్లో వచ్చి తైక్వాండో నేర్పే మాస్టారు ఎనిమిది నెలలు తిరిగేసరికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయారు. మీ పన్నెండేళ్ళ అమ్మాయి, ఏడేళ్ళ అబ్బాయితో కలిపి పద్దెనిమిది మంది పిల్లలు మధ్యలో ఆగిపోయారు. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో మీరు నల్ల బెల్టుకు ముందుదైన ఎర్ర బెల్టు దాకా నేర్చుకున్నారు కనుక, మీరే నేర్పమని తక్కిన తల్లిదండ్రులు పట్టుబడుతున్నారు. నేర్పవచ్చా, ఏడాదిన్నరలో నల్ల బెల్టు వస్తుందన్న ఆ మాస్టారి మాటలో నిజమెంత, బడివాళ్ళు ఇక గది ఇవ్వబోమంటే ఎక్కడ నేర్పాలి, నేర్పేటప్పుడు ఏ బెల్టు కట్టుకోవాలి అని అడిగారు.

నేను కోనసీమలో 22 ఏళ్ళుగా ఈ విద్య నేర్పుతున్నాను, దానికి ముందు పదేళ్ళు నేర్చుకున్నాను. నా అనుభవం మేరకు చెప్పగలిగింది ఏమిటంటే, పిల్లలకు వచ్చినంత మేరకు చెడిపోకుండా, అలవాటు తప్పకుండా మీరు నిలబెట్టగలరు; కొత్త మెట్టు ఎక్కించడం, పరీక్ష పెట్టి బెల్టు మార్చడం మాత్రం మీరు చేయకూడదు. ఆ పనికి అర్హత ఉన్న ఒక గురువును భీమవరం, రాజమండ్రి, కాకినాడ వంటి చోట వెతుక్కుని, ముందు మీరు మళ్ళీ ఆయనకు శిష్యులు కావాలి. నెలకు ఒక్క ఆదివారం మీరు బస్సెక్కి వెళ్ళి నేర్చుకుని వచ్చినా, మిగతా ఆదివారాల్లో పిల్లలకు మీరు చూపించేదానికి ఒక ఆధారం ఉంటుంది.

ముందుగా మీరు నేర్చుకున్నది ఏ సంప్రదాయమో, ఆ మాస్టారు నేర్పింది ఏ సంప్రదాయమో తేల్చుకోండి. చాలామంది ఇది పట్టించుకోరు, రెండేళ్ళ తర్వాత తల పట్టుకుంటారు. తెల్ల బెల్టు తర్వాత మీకు నేర్పిన మొదటి వరుస, అంటే ఒక క్రమంలో చేసే కదలికల కూర్పు, 19 కదలికల 'చోన్‌జి' అయితే మీది ఐ.టి.ఎఫ్. (అంతర్జాతీయ తైక్వాండో సమాఖ్య) పద్ధతి, 'తేగుక్ ఇల్ జాంగ్' అయితే సియోల్‌లోని తైక్వాండో కేంద్రమైన కుక్కివన్ పద్ధతి. దుస్తుల్లో కూడా తేడా కనిపిస్తుంది: మెడ దగ్గర 'వి' ఆకారంలో ఉండి తల మీదుగా తొడుక్కునే దోబొక్ కుక్కివన్ వారిది, చొక్కాలా ముందు తెరుచుకునేది ఐ.టి.ఎఫ్. వారిది. పోటీల్లో తేడా ఇంకా ఎక్కువ. ఐ.టి.ఎఫ్. పోటీలో ముఖానికి చేతి దెబ్బ చెల్లుతుంది. కుక్కివన్ వారిదైన, ఒలింపిక్స్‌లో జరిగే పద్ధతిలో ముఖం మీద పిడికిలి వాడితే తప్పు కింద లెక్క. ఒక పద్ధతిలో పెరిగిన పిల్లవాణ్ణి ఏమీ చెప్పకుండా రెండో పద్ధతి బరిలోకి దింపితే, ముఖాన్ని కాచుకోవడం తెలియక దెబ్బ తింటాడు, లేదా చెయ్యి ఎత్తి తప్పు చేసి పాయింట్లు పోగొట్టుకుంటాడు.

ఈ రెండు శాఖలు ఎందుకు వచ్చాయో పిల్లలకు చెప్పడం కూడా మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే మన దగ్గర మాస్టర్లు చాలామంది దీన్ని రెండు వేల ఏళ్ళ నాటి విద్యగా చెప్పి ఊరుకుంటారు. కొరియాలో జపాన్ పాలన చివరి రోజుల్లో, 1944లో, లీ వోన్ కుక్ అనే ఆయన సియోల్‌లో చుంగ్ దో క్వాన్ అనే శిక్షణశాల పెట్టారు. ఆయన జపాన్‌లో ఫునాకోషి దగ్గర కరాటే నేర్చుకున్నవారు. అలాంటి క్వాన్‌లు మరికొన్ని పుట్టి, ఎవరి పేరు వారు పెట్టుకుని నేర్పుతుండగా, 1955లో చోయ్ హోంగ్ హి అనే సైనికాధికారి చొరవతో తైక్వాండో అనే పేరు వచ్చింది. ఆయన 1966లో ఐ.టి.ఎఫ్. స్థాపించి, 1972లో దాన్ని కెనడాకు తరలించారు. అదే ఏడాది సియోల్‌లో కుక్కివన్ భవనం తెరిచారు, మరుసటి ఏడాది ప్రపంచ సమాఖ్య ఏర్పడింది. 1988 సియోల్, 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ప్రదర్శన క్రీడగా ఉండి, 2000లో సిడ్నీలో పతకాల క్రీడ అయింది. కొరియా వారి సొంత పాత ఆట తెక్క్యోన్ వేరే ఉంది. దాన్ని 2011లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అమలాపురం దసరాకు చెడీ తాలింఖానా చూస్తూ పెరిగిన మన పిల్లలకు, ఒక విద్య ఊరేగింపులో ఒకలా, గరిడీలో ఒకలా, పోటీలో మరొకలా మారుతుందని చెబితే ఇట్టే అర్థమవుతుంది. ఇంత చరిత్ర ఉన్నదాన్ని ఉన్నట్టు చెబితే విద్య గౌరవం తగ్గదు.

ఇక ఏడాదిన్నర నల్ల బెల్టు సంగతి. ఆ మాస్టారు చెప్పింది పూర్తిగా అబద్ధమని నేను అనను. కొరియాలో పిల్లలు సుమారు ఆ వ్యవధిలోనే మొదటి 'పూమ్' అందుకుంటారు. పదిహేనేళ్ళ లోపు వారికి ఇచ్చే నల్ల బెల్టు స్థాయిని అలా పిలుస్తారు. అయితే అక్కడి పిల్లవాడు బడి అవగానే వారానికి ఐదు రోజులు, రోజుకు గంట చొప్పున శిక్షణశాలకు వెళతాడు. అంటే ఏడాదిన్నరకు 390 గంటలు. మీ పిల్లలు వారానికి రెండు గంటలు, అదీ పండగలు, పరీక్షలు, తుఫాను సెలవులు ఏవీ లేవనుకుంటే ఏడాదికి 104 గంటలు. అదే 390 గంటలు మీ లెక్కన మూడేళ్ళ తొమ్మిది నెలలకు పూర్తవుతాయి, సెలవులు కలుపుకుంటే నాలుగేళ్ళు దాటుతుంది. తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. మా ఊళ్ళో నేను ఇలా చెప్పిన ఏడాది ముప్పై మందిలో పదకొండు మంది మానేశారు. మిగిలిన పంతొమ్మిది మందిలో ఆరుగురు ఇప్పటికీ నాతోనే ఉన్నారు, ఇద్దరు నాకు సాయంగా నేర్పుతున్నారు.

నల్ల బెల్టు పత్రం విషయంలో నేను స్వయంగా దెబ్బ తిన్నవాణ్ణి. పందొమ్మిదో ఏట ఒక సంఘం పరీక్ష పెట్టి, బంగారు రంగు అంచులతో పెద్ద పత్రం ఇచ్చింది. మా నాన్నగారు దానికి ఫ్రేమ్ కట్టించి హాల్లో తగిలించారు. ఆ పత్రం మీద ఉన్న సంఖ్య ఎక్కడా నమోదు కాలేదని, కుక్కివన్ జాబితాలో నా పేరే లేదని మూడేళ్ళ తర్వాత ఒక పోటీకి దరఖాస్తు పెట్టినప్పుడు గాని తెలియలేదు. మళ్ళీ మొదటి డాన్ (నల్ల బెల్టులోని మెట్లను డాన్ అంటారు) పరీక్షకు కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడైతే కుక్కివన్ వెబ్‌సైట్‌లో పేరు, పత్రం సంఖ్య, పుట్టిన తేదీ ఇచ్చి ఎవరైనా సరిచూసుకోవచ్చు కనుక, మీరు ఎంచుకోబోయే గురువు విషయంలో మొహమాటపడకుండా ఈ పని చేయండి. నాలుగో డాన్, ఆపైన ఉన్నవారే శిష్యులను డాన్ పరీక్షకు సిఫారసు చేయగలరు. మొదటి డాన్ నుంచి రెండోదానికి కనీసం ఏడాది, అక్కడి నుంచి మూడోదానికి రెండేళ్ళు, మూడు నుంచి నాలుగుకు మూడేళ్ళు ఆగాలి. ఆ లెక్కన మొదటి నల్ల బెల్టు తర్వాత ఆరేళ్ళు గడవనిదే ఎవరూ నాలుగో డాన్ కాలేరు. పాతికేళ్ళ కుర్రవాడు తాను ఏడో డాన్ అని చెప్పుకుంటే నవ్వుకుని బయటికి రావచ్చు. మన దేశంలో జాతీయ గుర్తింపు తమదంటే తమదని చెప్పుకునే సంఘాలు ఒకటికి మించి ఉన్నందువల్ల, జిల్లా పోటీలకు పంపేముందు ఆ ఏడాది ఏ సంఘం ఎంపికలు చెల్లుతాయో అడిగి తెలుసుకోవడం మరవకండి. స్కూల్ గేమ్స్ దారి వేరు, అది బడి ద్వారానే సాగుతుంది.

ఇప్పుడు నేర్పడం గురించి. మీకు తన్నడం వచ్చు, కాని తన్నడం వచ్చినవారికి అది ఎలా వచ్చిందో గుర్తుండదు. నేర్పేవారికి అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. దొల్యో చాగిని, అంటే పక్క నుంచి తిప్పి తన్నేదాన్ని, ఉదాహరణగా తీసుకోండి. పిల్లలందరూ లేచిన కాలినే చూస్తారు, తల్లిదండ్రులూ దాన్నే చూసి చప్పట్లు కొడతారు. మీరు నేల మీద ఉన్న కాలిని చూడాలి. తన్నే క్షణానికి ఆ పాదం మునివేళ్ళ మొదలు మీద తిరిగి, మడమ దాదాపు ఎదుటివాడి వైపు చూడాలి. అది తిరగకపోతే నడుము తెరుచుకోదు, నడుము తెరుచుకోకపోతే మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. పదిహేనేళ్ళు వచ్చేసరికి మోకాళ్ళకు పట్టీలు కట్టుకుని తిరిగే పిల్లలను నేను చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది గరుకు సిమెంటు నేల మీద, నిలబడ్డ పాదం తిప్పకుండా, రోజుకు రెండు వందల తన్నులు తన్నినవారే.

దీనికి నేను వాడేది ఒక సుద్దముక్క. పిల్లవాడు నిలబడ్డ చోట పాదం చుట్టూ గీత గీస్తాను, గోడ పట్టుకుని తన్నమంటాను, తన్ను అయ్యాక కాలు కదపకుండా ఆగమని మళ్ళీ గీస్తాను. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి ఉంటే పాదం తిరగలేదని వాడికే తెలుస్తుంది, నేను అరవనక్కర్లేదు. ఆ తర్వాత తన్నును విడగొట్టి, మోకాలు ఎత్తడం, పాదం తిప్పడం, కాలు చాచడం, మళ్ళీ మడవడం అని నాలుగు లెక్కలుగా నిదానంగా చేయిస్తాను. నాలుగో లెక్కే అందరూ ఎగ్గొట్టేది. కాలు మడవకుండా అలాగే కింద పడేసే పిల్లవాడు పోటీలో ఒక్క తన్ను తర్వాత రెండోది వేయలేడు. మీ పద్దెనిమిది మందికీ మొదటి రెండు నెలలు ఈ ఒక్క తన్ను, ముందుకు తన్నే అప్ చాగి, నిలబడే పద్ధతులు రెండు, కింది దెబ్బను ఆపే ఆరే మక్కి సరిపోతాయి. పిల్లలకు విసుగు రాకుండా ప్యాడ్‌లు మార్చండి, ఆటలు కలపండి, కాని కొత్త తన్ను చూపించి విసుగు తీర్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

ఆజ్ఞలు కొరియన్‌లోనే ఇవ్వమంటాను, ఎక్కడికి పోటీకి వెళ్ళినా అవే వినపడతాయి కనుక. తెలుగు పిల్లలకు అవి మీరు అనుకున్నంత కష్టం కాదు. చాగి, మక్కి, జిరుగి, సొగి అనేవి మన తన్నడం, ఆపడం, గుద్దడం, నిలబడటం లాంటి మాటలే. ఆ చివరి 'గి' మన 'డం' చేసే పనే చేస్తుంది. అప్ చాగి అంటే 'ముందు తన్నడం', మాటల వరుస కూడా మనదే. అంకెల దగ్గర మాత్రం పిల్లలు తికమకపడతారు: కసరత్తు లెక్కపెట్టేటప్పుడు హన, దుల్, సెత్, నెత్ అంటారు, వరుసల పేర్లలోనూ డాన్‌లలోనూ ఇల్, ఇ, సామ్ అంటారు. మనం ఒకటి, రెండు అని లెక్కపెట్టి తరగతికి వచ్చేసరికి ప్రథమ, ద్వితీయ అన్నట్టే వారికి సొంత అంకెలు ఉన్నాయి, చైనా భాష నుంచి తెచ్చుకున్నవీ ఉన్నాయి అని చెప్పండి, మళ్ళీ అడగరు. తేగుక్ వరుసలు ఎనిమిదింటికీ ఆకాశం, సరస్సు, అగ్ని, ఉరుము, గాలి, నీరు, కొండ, భూమి అని వరుసగా అర్థాలు ఉన్నాయి. నాలుగోది ఉరుమని చెప్పాక మా పిల్లలు దాన్ని చేసే తీరే మారిపోయింది.

కిహాప్, అంటే దెబ్బతో పాటు వేసే కేక, ఆడపిల్లల దగ్గర ఓపిగ్గా నేర్పాలి. ఇంట్లో గట్టిగా నవ్వవద్దని చెప్పించుకుంటూ పెరిగిన పిల్ల నలుగురిలో కేక వేయడానికి ఆరు వారాలు తీసుకున్నా ఆశ్చర్యపోవద్దు. మీ అమ్మాయి చురుగ్గా ఉందని రాశారు. ఆమెను ముందు వేయించండి, తక్కినవారు అందుకుంటారు. తరగతి జరిగే చోట తల్లులు కూర్చోవడానికి బెంచీ ఉంచండి, భంగిమ సరిదిద్దవలసి వస్తే చేత్తో కాక చిన్న బెత్తం కొసతో చూపించండి, ఒళ్ళు సాగదీసే కసరత్తుల్లో ఒకరి మీద మరొకరిని కూర్చోబెట్టే పద్ధతి ఎవరికీ పెట్టవద్దు. ఆత్మరక్షణ వస్తుందని మాట ఇవ్వవద్దు. వారానికి రెండు గంటల సాధనతో పన్నెండేళ్ళ పిల్ల పెద్ద మగవాణ్ణి ఎదిరించలేదు. చెయ్యి విడిపించుకుని, కేక వేసి, పరుగెత్తడం నేర్పగలం, అంతవరకే తల్లిదండ్రులకు చెప్పాలి.

పది నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లలు మోకాలి చిప్ప కింద నొప్పి అంటే బద్ధకమని కొట్టిపారేయకండి. ఎముక వేగంగా పెరిగే వయసులో కండరం దాన్ని పట్టుకున్న చోట లాగడం వల్ల వచ్చే నొప్పి అది. గెంతడం, తన్నడం కొన్ని వారాలు తగ్గించి వైద్యుడికి చూపించాలి. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరుగుతున్నాయన్నా, వాంతి అయినా ఆ రోజు సాధన అక్కడితో ఆపి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. తలకు టోపీ ఉంది కదా అనుకోవద్దు, అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది తప్ప లోపల మెదడు అదరకుండా ఆపలేదు. వార్షికోత్సవాల్లో పిల్లల చేత పెంకులు పగలగొట్టించడం, చేతుల మీదుగా మోటారు సైకిల్ నడిపించడం మన జిల్లాల్లో ఒక ఆచారంగా మారింది. బడివాళ్ళు అడుగుతారు. ఒప్పుకోవద్దు.

స్థలం విషయానికి వస్తే, డెల్టాలో మనకు శత్రువు చెమ్మ. కల్యాణ మండపం టైల్స్ మీద వర్షాకాలంలో కంటికి కనిపించని తడి పేరుకుంటుంది, పిల్లలు జారతారు. ఒకదానిలో ఒకటి ఇమిడే రబ్బరు మ్యాట్లు కొంటే మంచిదే, కాని పరిచి వదిలేస్తే పదిహేను రోజుల్లో అడుగున బూజు పడుతుంది. వారానికోసారి ఎత్తి ఎండలో నిలబెట్టాలి. మండపం యజమానితో మాట్లాడేటప్పుడు ఆషాఢం, పుష్యం, మూఢాల్లో అది ఖాళీగా ఉంటుందని గుర్తు చేయండి, తక్కువకే ఇస్తారు. శ్రావణం, మాఘంలో మాత్రం మీకు వేరే చోటు ఉండాలి. మీ పక్క ఊళ్ళో తుఫాను షెల్టర్ ఉంటే పంచాయతీని అడిగి చూడండి, హెచ్చరిక రాగానే ఖాళీ చేస్తామని రాసివ్వండి. రైసు మిల్లు కళ్ళం విశాలంగా ఉంటుంది, కాని ఎనిమిది దాటితే పాదాలు కాలుతాయి. రోహిణి కార్తెలో తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి ఏడుకు ముగించాలి, మధ్యలో రెండుసార్లు నీళ్ళో మజ్జిగో తాగించాలి. నీడ బాగుందని కొబ్బరి తోటలో మాత్రం పెట్టవద్దు. మా తోటలో పిల్లలు వరుసగా నిలబడి ఉండగా రెండు గజాల దూరంలో కాయ పడ్డ రోజు నుంచి నేను ఆ మాట అందరికీ చెబుతున్నాను. సాధన అయ్యాక కాలి వేళ్ళ సందులు తుడుచుకోవడం కూడా నేర్పండి. మన దగ్గర పిల్లలు తరగతి మానేయడానికి గాయాల కన్నా వేళ్ళ మధ్య ఒరుపే ఎక్కువసార్లు కారణమవుతుంది.

పోటీల గురించి ఇప్పుడే తొందర వద్దు. మొండెం మీద తన్నుకు రెండు పాయింట్లు, తలకు మూడు, ఒళ్ళు గిర్రున తిప్పి తన్నితే ఇంకా ఎక్కువ అని అంకెలు పిల్లలు ఎలాగూ యూట్యూబ్‌లో చూసి మీకే చెబుతారు. పెద్ద పోటీల్లో వాడే ఎలక్ట్రానిక్ హోగు, అంటే మొండేనికి కట్టుకునే కవచం, మీద సాక్సులోని సెన్సరు సరైన చోట, నిర్దేశించిన బలంతో తగిలితే గాని అంకె పడదు. మామూలు హోగు మీద సాధన చేసిన పిల్లవాడు మోత బాగా వచ్చినా పాయింటు ఎందుకు రాలేదని ఏడుస్తాడు. పోటీకి ముందు ఒక్కసారైనా పట్నంలో ఆ పరికరంతో ఆడించే ఏర్పాటు మీ కొత్త గురువు చేయగలరేమో అడగండి.

బెల్టు విషయం. ఎర్ర బెల్టే కట్టుకోండి. పిల్లలు మిమ్మల్ని సబొమ్‌నిమ్ అని పిలవబోతే మాస్టారూ అని పిలిపించుకోండి, ఆ కొరియన్ మాట నాలుగో డాన్ వారికి ఉంచండి. మీరు ఎక్కడ ఆపారో నాకు తెలియదు గాని, ఎర్ర బెల్టు దగ్గర ఆపినవారికి సాధారణంగా తేగుక్‌లో ఏడు, ఎనిమిది వరుసలు మిగిలి ఉంటాయి. ఆ రెండూ మీరు నేర్చుకుంటున్న నెలల్లో, పిల్లల ముందే, తప్పులతో సహా సాధన చేయండి. ఏడోది కొండ. అందులో పులి భంగిమ ఒకటి ఉంది, బొమ్ సొగి అంటారు, పదేళ్ళు వదిలేసినవారికి తొడలు వణుకుతాయి. మీ అబ్బాయి నవ్వుతాడు, నవ్వనివ్వండి.